అటూ ఇటూ

రిపోర్టు టైపు చేసింది నేనే.
రాత్రి రెండు దాటింది. లోపల ఏసీ చలికి స్వెట్టరు,
బయట షహానియా రోడ్డు మీద వేడి ఇంకా దిగలేదు.
నమూనా నంబరు, తేదీ, సీలు చెక్కుచెదరలేదన్న మాట,
కెఫీన్, దాని ఎదురుగా ఒక అంకె,
అంకె పక్కన కూడిక గుర్తు, దాని కాళ్ల కింద తీసివేత గుర్తు.
మా ఇంట్లో ఆ గుర్తుకు పేరుంది.
ఆవకాయలో ఉప్పు పోస్తూ అమ్మ అనేది:
"మూడు పిడికిళ్లు, అటూ ఇటూ."

తెల్లారేసరికి అటూ లేదు, ఇటూ లేదు.
అంకె ఒక్కటే టీవీలో నిలబడి ఉంది
ఎర్రగా, తాటికాయంత.

ఒంటె పేరు సమూమ్.
ఎడారి వడగాలి పేరది; ఆ మాట కడుపులో విషం ఉందట.
పెట్టినవాడు ముద్దుకే పెట్టుకున్నాడు.
యాంకరుకు అది చాలు.
"పేరులో విషం, రక్తంలోనూ విషమే!"
(మేం పరీక్షించింది మూత్రం.)

నా గ్రాఫు కూడా చూపించారు.
పక్కన కొలతలు చెరిపేసి, అడుగు కత్తిరించి
చీమల పుట్టంత మిట్టను
తెర నిండా కొండ చేశారు.
ఆ కొండ ముందు టై కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన
నా రిపోర్టులో లేనివన్నీ
నాకే చదివి వినిపించాడు.
ఆధారం చాలదు అని నేను రాసిన వాక్యం
ఎంత వెతికినా ఎక్కడా కనపడలేదు.
సాయంత్రం రాజంపేట నుంచి తమ్ముడి ఫోను:
"అక్కా, మీ కాడ ఒంటెలకు గంజాయి పెడతాండారంట గదా!"

రెండో సీసా తెరిచే రోజు
వకీలు వెనక ఫైళ్ల సంచి మోసుకుంటూ వచ్చాడు లస్మయ్య.
ఆర్మూరు పక్క. పదకొండేళ్లుగా ఒంటెల దగ్గరే.
నా మెడలో కార్డు మీద పేరు కూడబలుక్కుని చదివి
"మనోళ్లేనా మేడం?" అన్నాడు.
తర్వాత తెరకేసి చెయ్యి చూపించాడు.
"గీ గుట్ట ఏంది?"
కెఫీన్ అన్నాను. టీలో ఉండేదే.
చాలాసేపు సంచి వారు సవరించుకుంటూ నిలబడ్డాడు.

"పొద్దుగాల నేను చాయ్ తాగుతుంటే అచ్చి
గిలాసల మూతి వెడ్తది మేడం.
అడుగున చక్కెర నాకుతది.
వద్దని ఎట్లంట? గాడ నాతోని ఇంకెవలున్నరు?"

ఆ మాట రాసుకోవడానికి ఫారంలో గడి లేదు.
ఉన్నా, అది నిజమని నేను రాయలేను.
గ్లాసు నాకినా, ఎవరో గొట్టం పెట్టి తాగించినా
గీత ఒకేలా లేస్తుంది.
ఎంత ఉందో చెబుతుంది యంత్రం.
ఎవరి చేతి నుంచి వచ్చిందంటే నోరు విప్పదు.
ఈ సంగతి చెబుదామని ఒక విలేఖరికి ఫోను చేశాను.
"ఒక్క ముక్కలో చెప్పండి మేడం, అవునా కాదా?" అన్నాడు.
నా దగ్గర ఒక్క ముక్క లేదు.

రెండో అంకె గీటుకు ఇవతల పడింది.
ఆరో పేజీలో వేశారు, బంగారం ధర కింద,
మూడు లైన్లు. ఒంటె పేరు తప్పచ్చయింది.

శుక్రవారం పందానికి వెళ్లాను.
మూపున మరబొమ్మ జాకీ, దాని చేతిలో గిరగిరా కొరడా,
పక్క దారిలో దుమ్ము లేపుకుంటూ కార్లు, హారన్లు.
సమూమ్ నాలుగోది వచ్చింది.
"ఇయ్యాళ మందు పడలేదు కాబోలు!"
వెనక వరుసలో ఎవరో అన్నారు. చుట్టూ నవ్వారు.
తిరిగి చూశాను. మా ల్యాబుకు సీసాలు తెచ్చే డ్రైవరు.

లారీ నీడలో లస్మయ్య టీ తాగుతున్నాడు,
కాగితం కప్పులో, ఒంటెకు వీపు పెట్టి,
పొగలు పోకముందే, నోరు కాలుతున్నా
రెండు గుక్కల్లో.
కప్పు నలిపి జేబులో కుక్కుకున్నాడు.
కంచె మీదుగా అది
మెడ చాస్తూనే ఉంది.