ఐదున్నర ఆంగ్‌స్ట్రామ్‌ల గుమ్మం

మే నెల కాకినాడలో
గాలియం సీసాలోనే కరిగి ఉంటుంది.
ముప్పై డిగ్రీలు చాలు దానికి.
డిసెంబరులో ముద్దకడితే
అరచేతిలో పెట్టుకుంటాను,
చలిమంట దగ్గరికొచ్చిన మనిషిలా మెల్లిగా వదులవుతుంది.
నేను వాడేది ఈ లోహం కాదు, దీని నైట్రేటు.
సీసా మాత్రం బల్ల మీదే ఉంచాను,
రాత్రిళ్ళు తోడుగా.

రామచంద్రపురం మిల్లులో బాయిలరు వేసే
చిట్టబ్బాయి బాబాయి
యూరియా సంచిలో ఊక బూడిద తెచ్చి
ల్యాబు గడప బయట చెప్పులు విప్పాడు.
"గిన్నెలు తోముకునేదానికి ఇంత చదువెందుకమ్మా?"
కోతప్పుడు వరాకు నీ చెయ్యి కోసేది కదా బాబాయ్,
ఆ పదునంతా ఇందులోనే ఉంది.
నిలబడటానికి పైరు
మట్టిలోంచి తాగి దాచుకున్న ఇసుక.

క్షారంలో మరిగించి, వడగట్టి,
అల్యూమినియం ఉప్పు చిటికెడు వేసి
ఉక్కు కుండకి మూత బిగించాను.
మూడో రోజుకి తెల్లటి పిండి.
చూపుకి ముగ్గుపిండే,
లోపల మాత్రం లెక్కకందని గదులు.
ఒక్కో గుమ్మం ఐదున్నర ఆంగ్‌స్ట్రామ్‌లు.
లావుపాటి అణువు లోపలికి రాలేదు,
లోపల లావైతే
బయటికి పోలేదు.

చిన్నప్పుడు మాకు అమావాస్య తెలీదు.
కాలవ అవతల గొట్టం మీద గ్యాసు మంట.
ఏ జామో తెలీక కోళ్ళు కూసేవి,
మినుము చేల మీద ఎర్రటి నీడలు ఊగేవి.
ఎనిమిదో తరగతి లెక్కలు ఆ వెలుగులోనే చేశాను.
అమ్మ మాత్రం పొయ్యిలోకి
కొబ్బరి మట్టలే విరిచేది.

ఆ మంటలో ఒక పాలు ప్రొపేను.
మూడు కర్బనాలు, ఒంటి నిండా హైడ్రోజన్లు,
ఎవరితోనూ మాట కలపని రకం.
ఇప్పుడు దాన్నే సిలిండరులోంచి
ఐదొందల ముప్పై డిగ్రీల గొట్టంలోకి
సన్నగా వదులుతున్నాను.

అక్కడ గాలియం చేసే పని
నాకు తెలిసినంతలో ఇదీ:
ఒంటి మీది హైడ్రోజన్లని ఒలిచి
రెండేసి జతచేసి సాగనంపడం.
సఖినేటిపల్లి రేవులో పంటు సరంగులాగే
అందర్నీ దాటిస్తుంది, తను గట్టెక్కదు.
ఒంటరైన ముక్కలు ఆ ఇరుకులో ఒకదాన్నొకటి తగిలి
మూడూ మూడూ ఆరై
వంగి, కొసలు ముడిపడి
ఉంగరమవుతాయి.
సరిగ్గా గుమ్మం పట్టేంత ఉంగరం.

బెంజీను, టొలీను, జైలీను.
సుగంధ జాతి అనేవారు మా కాలేజీ మాస్టారు.
"ఏదీ, వాసన చూపించు?"
వద్దు బాబాయ్, రక్తం పాడుచేస్తుంది.
"పేరేమో సుగంధం, ముక్కు పెట్టకూడదా, ఆయ్!"
నవ్వుతూనే రెండడుగులు వెనక్కేశాడు.

నాలుగు సార్లు ఏమీ రాలేదు.
ఒకసారి కరెంటు పోయింది,
ఒకసారి తప్పు నాదే.
ఐదోసారి గ్రాఫులో శిఖరం లేచింది,
ఆరు గంటలు నిలిచి కుంగింది.
తెరిస్తే తెల్లపిండి బొగ్గయిపోయింది.
ఉంగరాలు ఉంగరాలతో పెనవేసుకుని
వచ్చిన దారి పట్టక
గదుల్లోనే మసిగా గడ్డకట్టాయి.
ఫోనులో చెబితే బాబాయి తేల్చేశాడు:
"బూడిద తెచ్చి మళ్ళీ బూడిదే చేశావన్నమాట."

ఆ రాత్రి ఉత్త గాలి వదిలాను.
మనం పీల్చే గాలే.
మంట కనపడకుండా మసి కాలింది.
తెల్లారి చూస్తే మళ్ళీ తెలుపు.
దాదాపు తెలుపు.
మిగిలిన ఆ కాస్త మాసిక
ప్రతిసారీ ఓ పిసరు పెరుగుతుంది.
అదీ నోటుబుక్కులో రాస్తాను.

సోమవారం బాబాయి ఫోను:
"దాళ్వా ఊక వచ్చిందమ్మాయ్.
ఈసారి బాయిలర్లో వెయ్యలేదు.
పెరట్లో గుంట తీసి
సెగ ఎక్కువ తగలనివ్వకుండా కాల్చాను, రెండు రాత్రులు.
ఎంత తెల్లగా వచ్చిందో చూద్దువుగాని.
గిన్నెలకని అడిగారు,
ఇవ్వలేదు."