గోవన్ నుంచి గోవన్ దాకా

ఆఖరి బండి పోయాక
మూడో పట్టాలో కరెంటు ఆపారని
రెండుసార్లు ఫోన్లో రూఢి చేసుకుని
గాల్‌బ్రెయిత్ ముందు, నేను వెనక
గోవన్ దగ్గర సొరంగంలోకి దిగుతాం.

నాలుగే అడుగుల ఎడంతో పట్టాలు.
కొత్తవాళ్లు బొమ్మరైలనుకుంటారు.
పొడుగుమనిషి గాల్‌బ్రెయిత్.
పాతికేళ్లు మెడ వంచి నడిచి నడిచి
సొంతింటి గుమ్మంలో కూడా వంగుతాడట,
వాళ్లావిడ ఐలిద్ చెప్పి నవ్వింది.

గ్లాస్గో కింద ఈ లైనుకి
మొదలు లేదు, చివర లేదు.
పదిహేను స్టేషన్లు, ఆరున్నర మైళ్లు.
నిద్రపోతే మళ్లీ ఎక్కినచోటే లేస్తావు.
గానుగెద్దు, అన్నాను ఒకసారి.
గానుగంటే ఏమిటన్నాడు.
కళ్లకు గంతలు, మెడ మీద కాడి,
తిరిగినచోటే తిరుగుడు, అని చెప్పాను.
"మరి నూనె ఎవరికి?" అన్నాడు.
నా దగ్గర జవాబు లేకపోయింది.
కౌకాడెన్స్ దాకా మాట్లాడుకోలేదు.

మొదట్లో ఈ బండ్లకి ఇంజన్లు లేవు.
స్కాట్లాండ్ స్ట్రీట్‌లో ఓ ఆవిరియంత్రం
ఊరి అడుగున చుట్టూ మోకు లాగేది.
చేంతాడు లాంటిదే,
కాకపోతే ఇనుప పురి,
మైళ్ల పొడుగు, ఒళ్లంతా తారు.
పట్టుకుంటే బండి కదిలేది,
వదిలేస్తే ఆగేది.
అంతే విద్య.

గాల్‌బ్రెయిత్ ముత్తాతకి
ఆ గిరకల ముందు ముక్కాలిపీట మీద కూర్చుని
పోతున్న మోకుని చూడటమే ఉద్యోగం.
పురిలో ఒక్క పోగు లేచినా గంట కొట్టాలి.
ముప్పైయేళ్లలో నాలుగుసార్లు కొట్టాడు.
ముప్పైఅయిదులో కరెంటొచ్చి మోకు ఆగిన రాత్రి
ముసలాయనకి నిద్ర పట్టలేదట,
చప్పుడు లేక.

క్లైడ్ నది కిందికి వచ్చేసరికి
గాలి మారుతుంది, మాట తగ్గుతుంది.
ఇక్కడ తవ్వేటప్పుడు
గాలిని కుక్కి కుక్కి నీళ్లని ఆపారు.
ఓ రోజు పైకప్పు చిట్లి
నది నడిమధ్య బుడగలు లేచాయట.
సంతలో కుండ కొట్టి చూసినట్టు
ఇనుప పలకల్ని సుత్తితో కొట్టుకుంటూ పోతాం.
ఖంగుమంటే సరే.
బొద్దుగా పలికితే సుద్దముక్కతో గీత,
తారీకు, మా పొడి అక్షరాలు.
పోయిన చలికాలం గీసిన గీత పక్కన
చెమ్మ ఒక వేలెడు పెరిగింది.
రాసుకున్నాను.

అవతలి ఒడ్డు దాటాక ఒకచోట
సొరంగం ఉన్నట్టుండి ఉబ్బుతుంది.
మెర్క్‌లాండ్ స్ట్రీట్ స్టేషన్ ఉండేదిక్కడ.
డెబ్భైఏడులో మూసేశారు,
ప్లాట్‌ఫారం పీకేశారు,
పేరుపలక ఎవరింటి గోడకో పోయింది.
ఎత్తు మాత్రం పోలేదు.
వచ్చే బండి నెమ్మదించడానికి,
పోయే బండి ఊపందుకోవడానికి
స్టేషనుకో మిట్ట కట్టారు అప్పట్లో.
ఇప్పటికీ ప్రతి బండీ
ఇక్కడ ఊరికే కాస్త ఎక్కి
ఊరికే కాస్త దిగుతుంది.

ఎవరికీ తెలియదనుకున్నాను.
ఒక మంగళవారం, డ్యూటీ లేని పగలు,
నా ఎదురుసీట్లో ముసలావిడ,
ఆకుపచ్చ కోటు, ఒళ్లో ఉల్లిపాయల సంచి.
బండి సరిగ్గా ఆ మిట్ట ఎక్కుతుంటే
సంచి సర్దుకుని, గుండీ పెట్టుకుని
సగం లేచింది.
లేచి, కిటికీలో నల్లటి గోడ చూసి
మళ్లీ కూర్చుంది.
"ఇక్కడ టిక్కెట్లు చింపేదాన్ని" అంది,
నన్ను చూసి కాదు, సంచిని చూసి.
పార్టిక్‌లో దిగిపోయింది.

గాల్‌బ్రెయిత్‌కి చెప్పాను.
ఏమీ అనలేదు.
ఆ రాత్రి ఆ ఉబ్బు దగ్గరికి రాగానే
రాత్రంతా వంచిన మెడ ఎత్తి
నిటారుగా నిలబడ్డాడు.
ఇక్కడొక్కచోటే పడతాడంట నిండుగా.
"ఫ్లాస్కు తియ్యి" అన్నాడు.

లేని ప్లాట్‌ఫారం అంచున
ఇద్దరం టీ తాగాం.
చల్లారిపోయింది, చక్కెర ఎక్కువైంది.
ఎక్కడో నీటిబొట్టు పడుతోంది,
ఎంతసేపటికోసారో లెక్కపెడుతూ కూర్చున్నాడు,
ముత్తాత పోలికేమో.

ఆరున్నరకి మొదటి బండి.
కరెంటు వదలొచ్చని చెప్పడానికి
గోవన్‌లో పైకి వచ్చేసరికి
వాన.
దిగినచోటే తేలాం.
బూట్లకి రెండు వీశెల బరువు.