బ్రేకు

బిర్కత్ అల్ మౌజ్ కాడ పోలీసు చౌకీ.
అక్కడికెల్లి పైకి నాలుగు చక్రాలూ గుంజే బండ్లకే దారి.
నా బండి అద్దాలు నల్లవి.
నా చొక్కా మీద పేరు లకీ.
లస్మయ్య అంటే ఎవరికీ నోరు తిరగదని
మొదటి రోజే మేనేజరు కత్తిరించిండు.

ఆయన నేర్పిన పాఠం చిన్నది:
వెనుక సీటు మాట వెనుక సీటుదే.
అద్దంల కండ్లు కలువొద్దు.
ఎవరన్న ఏడిస్తే టిష్యూ డబ్బా జరుపాలె, తల తిప్పొద్దు.
సింగపూరోళ్లు, కొరియావోళ్లు, ముంబై సేట్లు
జబల్ అఖ్దర్ ఎక్కేది చూసెటందుకు కాదు,
కనవడకుండ ఉండెటందుకు.
లోయ అంచున, చుట్టూ గోడ ఉన్న ఇంట్ల
ఒక్క రాత్రి పండితే
నా ఐదు నెలల జీతం.

గుట్ట ఎక్కుతుంటే చెవులు మూసుకపోతయి,
గుటక మింగితే తెరుచుకుంటయి.
నేను మింగకుండ ఉండుడు నేర్చుకున్న.

మొన్న మాఘం చలిల ఇద్దరొచ్చిండ్రు.
కాగితం మీద పేర్లు లెవ్వు, రెండు పొడి అక్షరాలే.
ఆయన చెయ్యి కోటు జేబుల.
ఆమె ముక్కుకు చిన్న రాయి.
చౌకీ దాటంగనే
ఆమె తెలుగుల మొదలువెట్టింది.

నా వీపు మీద ఎవరో నీళ్లు చల్లినట్టయింది.

చెప్పాల్నా? అమ్మా, నాది మెట్‌పల్లి అని?
చెప్తే వాళ్ల మాట గొంతులనే ఆగిపోతది.
చెప్పకుంటే
తాళం వెయ్యని ఇంట్ల చొరవడ్డట్టు.
ఆ మలుపు కాడ చెప్దామనుకున్న, దాటిపోయింది.
ఇంకోటి కూడ దాటిపోయింది.
ఇగ భాష రానోని మొఖం పెట్టుకున్న.
అది అనుకున్నంత అల్కగ లేదు:
నవ్వొచ్చే కాడ మూతి బిగవట్టాలె,
ఇంకో కాడ, కండ్లు.

ఏం మాట్లాడుకున్నరో ఇక్కడ రాయ.
జేబుల నుంచి తియ్యని ఆ చెయ్యి గురించి గూడ
ఇంతకన్న రాయ.

ఎండిన వాగు ఒడ్డున, రాళ్ల నడుమ ఒక చెట్టు.
ఇక్కడోళ్లు సిద్ర్ అంటరు.
ఆమె కిటికీ అద్దానికి వేళ్లు ఆనిచ్చి,
"రేగుచెట్టండీ! ఆపమంటే ఇతను ఆపుతాడంటారా?"
అన్నది ఆయనతోని.
నన్ను ఇంగ్లీషుల అడిగెటందుకు ఇంక నోరే తెరువలే.

బండి ఆగింది.

నేను ఆపలే. నా కాలు ఆపింది.
పదకొండేండ్లు నాలుకకు కాపలా ఉన్న,
కాలి సంగతి యాదికి రాలే.

బండ్ల ఎంత సప్పుడు లేదంటే
ఆయన గడియారం నడుసుడు వినవడ్డది.
అద్దంల ఆమె కండ్లు.
నావి.

"ఎందుకు ఆగాడు?" అన్నడాయన.
"మేకలు అడ్డమొచ్చాయండీ," అన్నది.
తొవ్వ మీద ఒక్క మేక లేదు.

దిగి, శాలువ అంచుల ఏరుకున్నది.
పుచ్చినయి గాలికి చూసి పారేసింది.
ఎక్కేటప్పుడు నా పక్క సీటు మీద
పిడికెడు పోసింది, నోరు మెదపలే.
హోటలు గేటు కాడ దిగినంక
పర్సు తెరిచి, కొత్త నోటు సగం దాక తీసి,
ఎందుకో మళ్ల లోపల వెట్టింది.
తీసుకొని ఉంటే
ఆ పండ్లు నేను తినకపోదును.

కింద మా గదిల ఆరు మంచాలు.
నా మంచానికి పాత లుంగి పరదా.
రాత్రి ఎవరన్న ఇంటికి ఫోన్ చేస్తే
మిగిలిన ఐదుగురం సచ్చినట్టు పంటం.
చలికాలంల గూడ బాలెల్లు లేసి
ఫ్యాను ఐదు మీద వెడ్తడు,
ఆ గరగరల మనిషి మాట మునుగాలెనని.
మాకు ఏ మేనేజరూ నేర్పలే.

ఆ రాత్రి పండ్లు పంచిన.
"ఏడియిరా ఇవి?" అన్నడు బాలెల్లు.
నా మొఖం చూసిండు.
గింజ అరచేతుల ఉమ్ముకొని
లేసి పోయి
ఫ్యాను పెంచిండు.