ఏడు గ్రాములు

పిండి తూచే కాటా మీద
టూత్‌బ్రష్‌ని పడుకోబెట్టాను.
పద్దెనిమిది.
రంపంతో పిడి కోశాను. ఎనిమిది.
పది గ్రాములు గెలిచానని
వంటింట్లో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను.

అక్కడితో ఆగితే బాగుండేది.
చొక్కా మెడ వెనక చీటీ,
బ్యాగుకి వేలాడే పట్టీల తోకలు,
టీ పొట్లాల దారాలు,
అన్నీ కత్తెర కిందికి వచ్చాయి.
గుడారం మేకులు పన్నెండు కాస్తా ఎనిమిదయ్యాయి.
కప్పు ఉండగా గిన్నె ఎందుకు?
రెండో జత మేజోళ్ళ దగ్గర మాత్రం
రెండు రాత్రులు నాతో నేనే పోట్లాడి
ఓడిపోయాను, లేదా గెలిచాను.
వల్‌బోర్గ్ గుమ్మంలో నిలబడి చూసి
"జడ కూడా కోసెయ్, ఓ పావు కిలో తగ్గుతావు" అంది.
నిజం చెప్పొద్దూ,
ఆమె వెళ్ళాక వంగి
జడని కాటా మీద పెట్టి చూశాను.

చివరికి మిగిలింది పటం.
దాని తూర్పు అంచంతా
నాకు పని లేని బురద నేల, పేరు లేని చెరువులు.
నిలువునా కత్తిరించాను.
ఏడు గ్రాములు.
గురిగింజ ఎత్తు తేడాకి
బంగారం తూచేవాళ్ళు ఎందుకంత ఊపిరి బిగబడతారో
అప్పుడు తెలిసింది.

క్విక్‌యొక్‌లో బస్సు దిగి నడుస్తుంటే
కాళ్ళు నావి కావు, ఎవరివో అరువు తెచ్చుకున్నవి.
ఇరవై నాలుగు కిలోల కింద
కొడవలిలా వంగిన కుర్రవాడొకడు ఎదురయ్యాడు.
వీపు మీద ఇనుప పెనం అడుగడుక్కీ గంట కొడుతోంది.
పాపం అనుకున్నాను.
గట్టిగానే అనుకున్నానేమో,
అతను తలెత్తి చూశాడు.

మూడో రోజు వాన.
తడిసి మోపెడవడం
ఒక్క జత మేజోళ్ళకి కూడా చేతనవును.
నాలుగో రోజు
వంతెన ఉండాల్సిన చోట రెండు తీగలు,
కింద మజ్జిగ రంగులో
మంచుకొండ నీళ్ళు, రాళ్ళని దొర్లించుకుంటూ.
దిగువకి పోవాలి,
నది పాయలుగా విడిపోయే చోటికి. తూర్పుకి.
పటం తీసి ఒళ్ళో పరిచాను.
కత్తెర గీత దాకా నది ఉంది.
ఆ తర్వాత నా మోకాలు ఉంది.

ఎంతసేపు కూర్చున్నానో.
తప్పిపోయిన రెయిన్‌డీర్లని వెతుక్కుంటూ
ఒక సామీ మనిషి వచ్చాడు, యొవ్నా అట.
నడుముకి కత్తి, వీపున గొడ్డలి,
దాని పక్కన మసి తప్ప మరో రంగు లేని కాఫీ కెటిల్.
నోరు ఊరుకోదు కదా,
"ఇదెంత ఉంటుంది?" అన్నాను.
అటూ ఇటూ తిప్పి చూసి
"నలుగురికి వస్తుంది" అన్నాడు.

తడి పుల్లల్ని ఎలా ఒప్పించాడో, మంట వేశాడు.
కాఫీలో జున్ను ముక్క వేసి ఇచ్చాడు.
నా పటం చూసి నవ్వలేదు,
నవ్వితే తేలిగ్గా ఉండేది.
కెటిల్ అడుగున వేలు రాసి
నా ఎడం చేతిలో మసితో గీశాడు:
నది, మూడు పాయలు, ఒక విల్లో పొద.
"రెండో పాయలో రాళ్ళు జారతాయి.
పొద్దున్నే దాటు, ఎండకి మంచు కరగక ముందే."
అరచేతిలో స్వర్గం చూపించేవాళ్ళ గురించి విన్నాను గానీ
అరచేతిలో రేవు చూపించిన మనిషిని
అప్పుడే చూశాను.

పిడికిలి బిగించి, జేబులో దాచుకుని
ఒంటి చేత్తో గుడారం వేశాను ఆ రాత్రి.
నాలుగు మేకులు తక్కువైనందుకు గాలి నన్ను
తెల్లవార్లూ పేరు పెట్టి పిలిచింది.
పొద్దున మూడో పాయ దాటి
మోకాళ్ళ కింద నావి కాని కాళ్ళతో
ఒడ్డున చెయ్యి తెరిస్తే
చెమటకి నది మొత్తం ఒక మచ్చ.

ఇంటికొచ్చి చూస్తే
పటం ముక్క కాటా కిందే ఉంది, పిండి అంటుకుని.
రేవు అందులో ఉంది, చుక్కల గీతతో.
విల్లో పొద లేదు.

పాత సామాన్ల కొట్లో ఒక కెటిల్ కొన్నాను.
తూచాను, అలవాటు.
తొమ్మిదొందల అరవై.
ఇంకా ఏమీ తేల్చుకోలేదు.
వల్‌బోర్గ్ కూడా వస్తానంటోంది.
వచ్చినా ఇద్దరమే.