ఉద్వాసన లెక్క

గ్రిమ్స్‌బీలో గురువారం రాత్రి.
కింద మూతపడ్డ వలల దుకాణం, పైన మా ఆట.
గోడల్లోంచి ఇంకా తారు వాసన వేస్తుంది.
హీటర్‌లో నాణెం వేసినంతసేపే వెచ్చదనం.

మంత్రగాడు చావడానికి రెండు గంటలు పట్టింది.
చచ్చేలోపు వాడు
మూడుసార్లు తోడేళ్ళను పిలిచాడు,
పిలుపుకి నాలుగు చొప్పున.

కీరన్ చెవిమీది పెన్సిల్ తీసి
"పన్నెండు తోడేళ్ళు, ఒక్కోదానికి యాభై" అని
కూడడం మొదలెట్టాడు.
కుదరదన్నాను.
తోడేళ్ళు మంత్రగాడి వేళ్ళలాంటివి,
చెయ్యి ఖరీదులోనే వేళ్ళూ వస్తాయి.
విడిగా లెక్కగడితే
రేపు మీరు వాణ్ణి చంపరు,
గుంజకి కట్టేసి
పిలిపిస్తూ, కోసుకుంటూ,
పాడి ఆవును పిండినట్టు పిండుకుంటారు.
మోరీన్ పకపకా నవ్వింది.
ఆమె సరిగ్గా ఆ ఉపాయంలోనే ఉంది.

అంతవరకూ బాగానే ఉంది.
ఆట నడిపేవాణ్ణి నేను,
న్యాయం నా అట్ట తెర వెనకాలే ఉంటుంది.

అప్పుడు జుర్గిత
గోటి కింద ఇరుక్కున్న చేప పొలుసు తీసుకుంటూ
"మరి నా ఎలుగు?" అంది.

ఆమె పిలిచిన ఎలుగుబంటి.
వంతెన మీద నిలబడి
ఐదు తోడేళ్ళను ఒంటరిగా ఆపింది.
ఆరోది గొంతు పట్టుకుంది.
కళేబరం కూడా మిగల్లేదు.
పిలిచినవి చస్తే పొగే, నియమం అది.

"దానికో వాటా రాయి."
రాయకూడదు, అన్నాను.
వచ్చింది నీ మంత్రానికి,
చేసింది నీ పని,
ఫలం నీ ఖాతాలో.
సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెత
నాలుక దాకా వచ్చింది.
ఇంగ్లీషులోకి వంగలేదు, మింగేశాను.

దానికి అనుభవం ఉండదు, అన్నాను.
ప్రతిసారీ కొత్తగా పుడుతుంది,
నిన్నటి గాయం గుర్తుండదు.
"గుర్తుండదని ఎవరు చెప్పారు?
అది చెప్పిందా?"

ఆవాహనకీ ఉద్వాసనకీ మధ్య
పది నిమిషాల ఎలుగు.
పూజయ్యాక దేవుణ్ణి సాగనంపడానికి
మా భాషలో ఉద్వాసన అంటాం.
కొలువులోంచి మనిషిని పంపెయ్యడానికీ అదే మాట.
దేవుడికైతే అక్షతలు వేస్తాం.

నా పగటి ఉద్యోగం చెప్పలేదు కదూ.
నిజానికి తెల్లవారుజాము ఉద్యోగం.
నాలుగుంపావుకి లేచి
చేపల ఫ్యాక్టరీకి ఎందరు తక్కువో చూసి
జాబితాకి మెసేజ్ కొడతాను:
ఆరింటికి షిఫ్టు. నాలుగు గంటలు. వస్తే అవునని కొట్టు.
అందులో పేర్లుండవు, నంబర్లే.
ఎన్నేళ్ళు చేప కోసినా
ప్రతి పొద్దునా మొదటిరోజు రేటే.
ఆమె నంబరు చివర డెబ్బై రెండు.
ఇద్దరికీ తెలుసు.
బల్ల దగ్గర ఎప్పుడూ అనుకోలేదు.

ఆ రాత్రి పాయింట్లు పంచాను.
అందరికీ సమంగా.
జుర్గిత తన కాగితం అడుగున
ఇంకో గీత గీసి, సున్నా చుట్టి,
పక్కన వాళ్ళ భాషలో ఒక పేరు రాసింది.
చదవడం రాలేదు నాకు.
రెండుసార్లు పలికించింది.

మరుసటి గురువారం, గుహ ముందు,
ఆ పేరుతోనే పిలిచింది.
నా చెయ్యి ఇరవై ముఖాల పాచిక మీదికి పోయింది.
"ఆ మంత్రానికి పాచిక అక్కర్లేదుగా" అన్నాడు కీరన్.
వస్తుందో రాదో కనుక్కుంటున్నా, అన్నాను.
నాలుగు పడింది.

గుహ ముందు పొగ కూడా లేవలేదు.
లోపల్నించి ఏవో గురకలు.
మోరీన్ నన్ను తిట్టుకుంటూ గొడ్డలి తీసింది.
జుర్గిత మాత్రం
బిస్కెట్ల పొట్లం
నా వైపు జరిపింది.