కాళ్ల రంగు

దుమ్ము లేచిన మూడోనాడు,
పళ్ల మధ్య ఇంకా ఇసుక కరకరమంటుండగా,
వఫ్రా తోటలో దోసపాదుల పక్కన
అథల్ చెట్ల వరుసంతా సన్నగా కదిలింది.
గాలి లేదు. కదిలినవి ఆకులు కావు.

"పిట్టలు" అన్నాడు దస్తగిరన్న
టీ గ్లాసు పెదవి మీంచి తీయకుండానే.
"రాత్రి పైన పోతా పోతా దుమ్ముకు దిగబడినాయి.
కదలొద్దు. ఒకదాన్ని పట్టుకో, కంటితో."

పట్టుకున్నాను.
నిమ్మకాయంత కూడా లేదు.
వీపు వాడిన కరివేపాకు.
గొంతు కింద, పసుపునీళ్లలో
ఒక్కసారి ముంచి తీసిన పాతగుడ్డ.
కంటి పైన పాలిపోయిన గీత.
ముక్కు సూదిమొన: గింజలు తినేది కాదు,
పురుగుల్ని ఏరేది.

"యేందో తెల్సిందా?"
"పిచ్చుక పిల్లా?"
టీ ముక్కులోకి పోయి దగ్గాడు, చాలాసేపు.

"ఇట్లాంటివి రెండుండాయి రా.
పక్కపక్కన పెడితే కన్నతల్లే తడబడతాది.
ముందు కాళ్లు చూడు.
నల్లంగుంటే అది చలికాలపు పిట్ట.
మన పాదుల్లో దోమల్ని ఏరుకుంటా
నాలుగు నెలలు ఈడ్నే ఉంటాది.
కుదురుండదు దానికి,
తోక కిందికి కొడతానే ఉంటాది.
కాళ్లు శెనక్కాయ విత్తనం పొట్టు రంగులో ఉంటే,
అది పోయే పిట్ట.
ఆఫ్రికా నించి వస్తాంది,
యాడో మంచుదేశం అడవికి పోతాదంట.
మనది నడిమధ్య చెట్టు."

"కాళ్లు ఆకుల్లో దాగితే?"
"పిలుపిను. నల్లకాళ్లది ఒక్క ముక్కలో తేల్చేస్తాది: హ్వీత్.
ఇది సాగదీస్తాది: హూ... ఈత్.
ఏదో అడగబోయి, మళ్లీ అడుగుదాంలే అనుకున్నట్టు."

"అదీ వినపడకపోతే?"

గ్లాసు కింద పెట్టాడు.
రాయచోటిలో ఒకప్పుడు జాకెట్లు కుట్టిన వేళ్లు
గాల్లోనే ఒక కొలత తీశాయి.
"రెక్క మడిచినప్పుడు చూడు,
కొస తోక మీదికి ఎంత జరిగిందో.
పొట్టిగుంటే, దగ్గర్లో ఆగిపోయేది.
పొడుగ్గుంటే, చానా దూరం పోయేది.
పుట్టకముందే కొలతేసి కుట్టినాడు పైవాడు."

ఎవరు నేర్పారని అడిగాను.
ఎవరూ నేర్పలేదట.
వెనక కంచెకు పిల్లలు వలలు కడతారు;
తెల్లారకముందే పోయి విప్పుతాడు.
వలలోంచి మొదట చేతికొచ్చేవి
ఎప్పుడూ కాళ్లే.
కొన్నిసార్లు అవి మాత్రమే
వెచ్చగా ఉండవు.

అంతలో ఒకటి దిగింది,
నీళ్లపైపు చుక్క కారే చోటికి.
తోక కొట్టలేదు.
తల ఎత్తి మింగింది, మళ్లీ వంచింది.
తడి మట్టి మీద రెండు పుల్లలు,
పొట్టు రంగు.
"పోయేదే!" అన్నాను, గెలిచినట్టు.

ఆయన అటు చూడలేదు.
రెండేళ్లని వచ్చి
పంతొమ్మిదో చలికాలం దాటించినవాడు,
గట్టు మీద కూర్చుని
చెప్పుల్లో ఇసుక దులుపుకుంటున్నాడు.
అడగకుండానే
నా చూపు ఆయన కాళ్ల మీద పడింది.

"లేయ్, మోటరేద్దాం" అన్నాడు.
"ఎండెక్కితే పూత రాలతాది."