నల్లేరు కణుపులు

నల్లేరు మీద బండి నడక అంటరు
సులువైన పనికి.
చక్రాన్ని అడిగి కట్టిన సామెత అది.
కింద చితికినదాన్ని
ఎవరూ అడిగినట్టు లేదు.

నేను ఎముకల ఫొటోలు తీస్త.
వరంగల్ పెద్దాసుపత్రి, కింది అంతస్తు, పదకొండో గది.
పద్నాలుగేండ్ల సంది
"ఊపిరి బిగబట్టు, కదలకు."
రోజుకు నూరుసార్లు ఇవే నా మాటలు.

శ్రావణంల ఒకనాడు, కరెంటు పోయి వచ్చిన గడియల
లోపలికొచ్చింది ఓదెమ్మ.
కుడిచేతి మణికట్టు నిండ పచ్చటి ముద్ద,
ముద్ద మీద వెదురుబద్దలు,
బద్దల మీద చింపిన చీరె అంచు.
గదంత పచ్చివాసన,
వాన తడిసిన రాయిని నోట్ల పెట్టుకున్నట్టు.

ఆమె నాకు ఎరుకే.
గేటు బయట, ఆటోల పక్కన
సంచిపట్టా పరిచి కట్టలు పెడ్తది.
నల్లేరు, తిప్పతీగ, వానలు పడితె బోడకాకర.
విరిగినోళ్లు లోపలికి పోతూ చూస్తరు,
బయటికొస్తూ కొంటరు.
నేనెన్నడు కొనలే.

"ఎట్ల పడ్డవ్?"
"మడికొండ గుట్ట మీద. దీనికోసమే."
గదువతోని కట్టు దిక్కు చూపింది.
"కింది బండలన్ని కంకరకు పోయినయ్ బిడ్డా.
అది పైకి పాకింది. నేను గూడ పాకిన.
దానికైతె పట్టుతీగలున్నయ్."

కట్టు విప్పి పసరు కడుగుతుంటె
నా వేళ్లకు దురద పుట్టింది.
"సబ్బుకు పోదు. చింతపండు రుద్దుకో."
రోగులు చెప్పిన మందు వాడొద్దని
మాకు ఎక్కడా రాసిలేదు.
ఇంటికాడ రుద్దుకున్న. పోయింది.

తెర మీద చెయ్యి వెలిగింది.
గులకరాళ్ల లెక్క చిన్న ఎముకలు,
వాటి కింద రెండు కాడలు,
అందుల ఒకటి కణుపు కాడ పక్కకు జరిగింది.
చూపించొద్దని రూలు.
చూపించిన.
కండ్లద్దాలు లేని కండ్లతోని
చానసేపు చూసింది.
"ఇది నల్లేరే గద.
కణుపు, కణుపు, కణుపు.
ఆకులొక్కటే తక్కువ."

పిండికట్టు వేసేటాయన బువ్వకు పోయిండు.
అందాక నా బల్ల మీదనే కూసోని
అడగకున్నా పచ్చడి చెప్పింది.
లేత కొనలే తుంచాలె, గోటికి తెగేటియి.
ముదురుదైతె గొంతు పట్టుకుంటది.
ముందుగాల చేతులకు నూనె.
నాలుగంచులుంటయ్,
నాలుగింటికీ ఈనె తియ్యాలె, ఓపికతోని.
నువ్వులనూనెల ఏగాలె, దాని కోపం పోయేదాక.
చింతపండు మరిస్తివా,
నీ పెనిమిటి మూడొద్దులు మాట్లాడడు.
"మంచిదే గద" అన్న.
గప్పుడు నవ్వింది.
నవ్వుకు చెయ్యి కదిలి
అవ్వా అన్నది.

"దీంతోని ఎముక అతుకుతదా?"
నా చదువుకు తగని ప్రశ్న.
ఓదెమ్మ ఆలోచన చేసింది.
"నేను అమ్ముత బిడ్డా.
అతికేది ఎముకనే."

ఆమె లేచిపోయినంక చూస్తే బల్ల మీద
రెండు కణుపుల ముక్క ఒకటి.
మరిచిందో, పెట్టిందో.
చెత్తడబ్బల వెయ్యబుద్ధి గాక
కోటు జేబుల వేసుకున్న.
కాజీపేటల మా క్వార్టర్ పిట్టగోడ,
సిమెంటు పగులు, అండ్ల గుచ్చిన.
నీళ్లు పొయ్యలే. యాది మర్చిన.

ఆరు వారాలకు రమ్మని చీటీ రాసిచ్చిన్రు ఓదెమ్మకు.
రాలే.
గేటు పక్కన ఇప్పుడు
కొబ్బరిబోండాల బండి ఉన్నది.
ముందు చక్రం కింద
సంచిపట్టా చింపు.

ఇయ్యాల బట్టలు ఆరేయబోయి చూస్తే
ఏడు కణుపులైంది.
గోడ దాటి, కరెంటు తీగ దాకా రాక,
చుట్టుకోను ఏమీ దొరకక
కొసన ఒక పట్టుతీగ
ఉత్త గాలినే చుట్టుకుంటున్నది.
తడిబట్ట చేతులనే ఉన్నది.
ఊపిరి బిగబట్టిన.
నేను కదలలే.
అది కదిలింది.